లెక్కలోకి రాని కదలిక

మధ్యాహ్నం రెండు దాటింది. ఇంటి ముందుగదిలోనే రిపేరు షాపు. షట్టరు సగం దించి, మెకానిక్ తన చెల్లెలి గేమ్ కంట్రోలర్‌ను ముందేసుకుని కూర్చున్నాడు. ఆమె పోయి నెలయింది. "ఒక్క ఆట ఆడదాం రా అన్నయ్యా" అని ఆసుపత్రి మంచం మీంచి అడిగినప్పుడల్లా రేపు, రేపంటూ దాటేశాడు. వచ్చినవాళ్లందరి పనికీ తీరిక దొరికిన మహానుభావుడికి సొంత చెల్లెలికి మాత్రం దొరకలేదు. అది తలచుకుంటే ముద్ద దిగడం లేదు.

నిన్నటినుంచి ఆ కంట్రోలర్‌కి ఓ రోగం పట్టుకుంది. ఎవరూ ముట్టకుండానే తెరమీద, ఆటలోని ఆమె బొమ్మ నడుస్తోంది.

"వదిలెయ్యరా, అలాగే ఉండనీ" అని అమ్మ లోపలికెళ్లి పడుకుంది. వింటేగా!

విప్పాడు. బొమ్మను నడిపించే ఎడమ స్టిక్‌ని స్పిరిట్‌తో తుడిచాడు. మీటరు పెట్టాడు. లోపం లేదు. అయినా టంకం కరిగించి పాతది తీసేసి, కొత్తది అతికించాడు. గదంతా కాలిన వాసన. వీధిలో అలికిడి లేదు.

బొమ్మ మళ్లీ కదిలింది.

అరిగిన స్టిక్ ఆగకుండా ఒకే పక్కకు లాగుతుంది. ఇది అలా లేదు. కాస్త తోసి... ఆగి... మళ్లీ తోస్తోంది. ఆయాసపడుతున్నట్టు.

విసుగొచ్చి సెట్టింగుల్లోకి వెళ్లాడు. అక్కడ డెడ్ జోన్ అని ఒకటుంటుంది. అది పెంచితే చిన్న చిన్న కదలికలను ఆట లెక్కచెయ్యదు. సున్నా మీదున్నదాన్ని పెంచేశాడు. బొమ్మ ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది...

సున్నా పెట్టింది తనే. చివరి వారంలో. బొటనవేలికి సత్తువ లేక, ఎంత తోసినా బొమ్మ కదలడం లేదని చెల్లెలు ఏడిస్తే.

తెర చూశాడు. అన్నయ్య కోసమని ఆమె ఆటలో పెట్టి ఉంచిన బొమ్మకు రెండడుగుల దూరంలో ఆమె బొమ్మ నిలబడిపోయి ఉంది.

గబగబా మళ్లీ సున్నా చేశాడు.

"చెల్లీ... ఇప్పుడు తొయ్యవే" అన్నాడు గుసగుసగా. "ఆడదాం. ఇక్కడే ఉన్నా."

కదల్లేదు.

"ఒక్కసారి... తల్లీ..."

లోపలి గదిలోంచి అమ్మ గొంతు, నిద్రమత్తులో: "దాన్నెందుకురా ఏడిపిస్తావు?"

పరిగెత్తాడు. అమ్మ ఒత్తిగిలి గాఢంగా నిద్రపోతోంది. కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆమె భుజం మీద దుప్పటి మాత్రం తడిసిపోయి ఉంది.

ముట్టుకున్నాడు. ఆ తడి ఇంకా వెచ్చగానే ఉంది.