బీరువాలో పాట

ఆదివారం పొద్దున్నే ఆమె బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, వాటి మీద దుప్పట్లు వేలాడదీసింది. బస్సుల్లో వినిపించే ప్రకటనలు రికార్డు చేయడం ఆమె ఉద్యోగం. మైకు ముందు బట్టలుంటే గది మోగదని ఆమెకు తెలుసు. కొడుక్కి పదమూడో ఏడు నడుస్తోంది. వాడి సన్నటి, తేటైన గొంతు మారిపోయేలోగా ఒక్క పాటైనా దాచుకోవాలని ఆమె తాపత్రయం. అందుకే కొన్నాళ్లుగా వాడికి చల్లటి నీళ్లు బంద్, ఐస్‌క్రీమ్ బంద్, గట్టిగా నవ్వడం కూడా బంద్. ఫ్రిజ్‌కి తాళం వేయడమొక్కటే తక్కువ.

వాడు బీరువాలో వేలాడే బట్టల మధ్య నిలబడి నోరు తెరిచాడు. గొంతు పగిలిన డబ్బా మోగినట్టు మోగింది.

"మళ్లీనా?" అందామె. "మొన్న బాగానే ఉంది కదరా."

"ఏమో అమ్మా. లేచేసరికి ఇలా ఉంది."

అప్పుడే టీ కప్పుతో వచ్చాడు వాళ్ల నాన్న. ఆయన సిటీ బస్సు డ్రైవరు. నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏమో ఏంట్రా? నిన్న మైదానం పక్కన బస్సు ఆపితే చూశాగా. ఆటా లేదు, పాటా లేదు, మూల నిలబడి ఒక్కడివే గొంతు చించుకుంటున్నావు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "కావాలని పాడు చేసుకుంటున్నావా? నేనిక్కడ కిందామీదా పడుతుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

వాడు పక్కనున్న చొక్కా గుండీ నలుపుతూ అన్నాడు.

"ఆ పాట దొరికితే ఇక నాతో పనుండదుగా నీకు."

"అవేం మాటలురా?"

"నా చిన్నప్పటి వీడియోలు చూస్తూ 'అప్పుడెంత ముద్దొచ్చేవాడో' అంటావు. నేను పక్కనే ఉంటానమ్మా. ఒక్కసారి కూడా నా వంక చూడవు. రేపు ఇదీ అంతే. నా గొంతేమో ఎద్దు రంకెలా అయిపోతుంది. నువ్వు ఈ పాట పెట్టుకుని కూర్చుంటావు."

ఆయన టీ తాగడం మర్చిపోయాడు. వాడన్నది నిజమే. ఆమె ఎన్ని రాత్రులు ఫోనులో ఆ వీడియోలు చూసి మురిసిపోయిందో. మైకు లేకుండా వాడిని పాడమని అడిగి ఎన్నాళ్లయిందో గుర్తు కూడా లేదు.

మైకు తీగ ఊడదీసింది. వాడి చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, మంచం మీద తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"పాడు."

"మరి రికార్డింగో?"

"వద్దు. నాకు వినాలనుంది."

"బొంగురుగా ఉందమ్మా."

"ఉండనీ."

వాడు బెరుకుగా మొదలుపెట్టాడు. పై స్థాయికి వెళ్లేసరికి గొంతు జారి పల్టీ కొట్టింది. నాన్నకి నవ్వాగలేదు, వాడికీ ఆగలేదు. ఆమె మాత్రం వాడి మొహమే చూస్తోంది. పై పెదవి మీద నూగు కనబడుతోంది. దవడ వాళ్ల నాన్నది. ఇదంతా ఎప్పుడు వచ్చిందో ఆమెకు తెలియదు.

"ఏడుస్తున్నావేంటి? అంత ఘోరంగా ఉందా?" అన్నాడు వాడు.

"లేదు నాన్నా. నువ్వు ఆపకు."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకునే ఆ కాసేపైనా వాడి మీంచి చూపు తిప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది.