వెనక బెంచీ పాఠం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఉంది. దాని పై అంతస్తు గదంటే అందరికీ హడలే. పొద్దుగూకాక అక్కడ పాఠం చెబితే, వెనక బెంచీలోంచి ఎవరో ప్రతి మాటా తిరిగి చెబుతారట...

"గా గదిల ఊడ్చే ముసలామె సచ్చిపోయింది సార్," అన్నాడు వాచ్‌మన్ దశరథ, తాళంచెవి ఇస్తూ. "నోట్లె ఒక్క పన్ను లేకుండె. గంజి తాగే బతికింది పాపం. జర జల్ది దిగుండ్రి."

మహిపాల్ నవ్వేశాడు. జాగ్రఫీ లెక్చరర్ దెయ్యానికి జడిస్తే ఇజ్జత్ ఏముంటుంది? పైగా తెల్లారేసరికి ఈ పాఠం వీడియో తీసి ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుంది.

కెమెరా ఆన్ చేశాడు. "నార్వేకి ఉత్తరపు కొసన ఉన్న కౌంటీ ఫిన్‌మార్క్. డెన్మార్క్ కన్నా పెద్దది. జనం మాత్రం మన ఎల్బీనగర్‌లో ఉన్నంత మంది కూడా లేరు. చలికాలం రెండు నెలలు సూర్యుడే కనపడడు..."

"...సూర్యుడే కనపడడు..."

వెనక నుంచి — పళ్ళు లేని నోటి మాట, సగం గాలే. బెంచీ చూస్తే ఖాళీ. ఫ్యాన్ చప్పుడే అనుకున్నాడు. అనుకోవాలి కదా మరి.

"పదిహేడో శతాబ్దంలో, చేతబడి చేస్తున్నారని అక్కడ తొంభై మంది దాకా చంపేశారు. ఎక్కువ మంది ఆడవాళ్ళే. నీళ్ళలో వేసేవాళ్ళు... తేలితే మంత్రగత్తె." గొంతు సవరించుకున్నాడు. "అదృష్టం, మన దగ్గర అలాంటి ఘోరాలు లేవు."

"లేవా... మహిపాలూ?"

ఆ గొంతు అతనికి తెలుసు. కిష్టమ్మ.

నల్గొండ దగ్గర సొంతూళ్ళో తమ్ముడి జ్వరం తగ్గకపోతే, ఆమే బాణామతి చేసిందన్నారు. పళ్ళు పీకేస్తే మంత్రం పలకదని ఊరి నమ్మకం. తండ్రి పట్టకారు పట్టాడు. అప్పట్లో డిగ్రీ చదువుతున్న మహిపాల్, ఆమె తల కదలకుండా పట్టుకున్నాడు. ఆమె ఊరొదిలి ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. అతనూ అడగలేదు.

"గప్పుడు నాకు ఒక్క మంత్రం సుత రాదు బిడ్డా..." మాట చెవి పక్కకొచ్చింది. "సచ్చినంక నేర్చిన."

చెవిలో ఏదో గొణిగింది.

మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. దశరథ గ్లాసుతో నీళ్ళిచ్చాడు. "ఏమైంది సార్? చెప్పుండ్రి."

చెబుదామని నోరు తెరిచాడు. గ్లాసులో టప్పున ఒక పన్ను పడింది... వెనకే ఇంకొకటి... ఇంకొకటి...

పై గదిలో పాఠం మళ్ళీ మొదలైంది. కిష్టమ్మ గొంతే — ఈసారి ప్రతి అక్షరమూ స్పష్టంగా.