వెలిగిన చోట కత్తి పడదు

స్కాన్ గది నేల కింది అంతస్తులో ఉంది. బయట మిట్టమధ్యాహ్నం. ఇక్కడ మాత్రం కిటికీ లేదు, ఎండ లేదు. స్పిరిట్ వాసన, ఎముకల్లోకి దిగే ఏసీ చలి.

అక్క బస్టాండులో మైకు దగ్గర పనిచేస్తుంది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఊరందరికీ చెప్పే గొంతు ఆమెది. అమ్మానాన్నా పోయాక ఆ గొంతుతోనే సంపాదించి చెల్లెల్ని పెంచింది. ఇప్పుడు ఆమె తలలో ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ. తీయకపోతే ప్రాణం పోతుంది. తీసేటప్పుడు కత్తి గోరంత పక్కకి పడితే మాట పోతుంది. గొంతు మీద బతికిన మనిషికి ఈ రెండింట్లో ఏది చిన్న చావో చెప్పమనండి, ఎంత చదివినవాడైనా నీళ్లు నములుతాడు.

"ఒంటిమీద ఇనుము ఉంటే తీసెయ్యండమ్మా. పిన్నులు కూడా," అన్నాడు స్కాన్ ఆపరేటర్.

"పిన్నులు తీస్తే నేను ఊడి కింద పడతాను బాబూ. నన్ను పట్టి ఉంచుతున్నవి అవే," అంది అక్క. చెల్లెలి మొహం చూసి, "నవ్వవే పిచ్చిమొహమా! కాటికేం పోవట్లేదు. గొట్టంలోకి పోతున్నా, అంతే," అంది.

అద్దానికి ఇవతల గదిలో ఆపరేటర్, ఆపరేషన్ చేయబోయే పెద్ద డాక్టరు, చెల్లెలు. అద్దానికి అవతల గొట్టంలోంచి అక్క పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. రేకు మీద సుత్తి పడ్డట్టు యంత్రం మోత మొదలైంది.

ఆపరేటర్ మైకులో చెప్పినప్పుడల్లా అక్క పెదవి కదపకుండా మనసులో మాటలు అనుకోవాలి. అప్పుడు మెదడులో పని జరిగే చోటు తెరమీద నారింజరంగులో వెలుగుతుంది. వెలిగింది కూడా. గడ్డ నల్లగా ఉంది. దాని పక్కన, వేలెడు దూరంలో వెలుగు.

డాక్టరు ముఖం విప్పారింది. "చూశావామ్మా? అదే మీ అక్క మాట. వెలిగిన చోట నా కత్తి పడదు. నల్లగా ఉన్నదంతా తీసి పారేస్తాను."

ఆపరేటర్ చెయ్యి గబుక్కున బల్ల మీదికి పోయింది. "సార్... మైకు ఆన్‌లో ఉండిపోయింది. ఇదంతా లోపలికి వినపడింది."

"వింటే మంచిదేగా. ధైర్యం వస్తుంది. ఇంకోసారి తీసి సరిచూద్దాం."

రెండోసారి తీశారు.

పక్కనున్న వెలుగు ఆరిపోయింది. గడ్డ వెలిగింది. అంచు నుంచి అంచుదాకా, నల్లటి చుక్క మిగలకుండా.

"మనసులో ఏ మాటా అనుకోవద్దని చెప్పు," అన్నాడు డాక్టరు. చెప్పారు. వెలుగు తగ్గలేదు. మైకు ఆపించాడు. అయినా తగ్గలేదు. చెల్లెలు తెర దగ్గరికి వంగింది.

"మా అక్కేది?" గొణిగింది.

గడ్డ ఒక్కసారిగా ఆరిపోయింది.

మైకు ఆపే ఉంది. ఆపరేటర్ దాని తీగ కూడా ఊడబీకి చేత్తో పట్టుకున్నాడు.

తెరమీద చీకటి... ఓ మూల ఆవగింజంత చుక్క మిణుకుమంది. ఆరింది. మళ్లీ మిణుకుమంది. పైకి రావడానికి గింజుకుంటున్నట్టుగా... అంతలో గడ్డలోంచి నారింజరంగు మెల్లగా పాకుతూ వచ్చి ఆ చుక్కని కప్పేసింది.

"బయటికి తియ్యండి!" చెల్లెలు అరిచింది. "మా అక్కని బయటికి తియ్యండి! ఆ గడ్డని ఇవాళే కోసెయ్యండి సార్. మాట పోతే పోనీ!"

అక్కని బయటికి లాగారు. చెల్లెలు పరుగున పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. డాక్టరు చెమట తుడుచుకుని, వంగి అడిగాడు. "గడ్డ తీసెయ్యమంటారా అమ్మా? ఒప్పుకోవాల్సింది మీరే."

"వద్దండీ," అంది అక్క నోరు. ఎక్కడా తొట్రుపాటు లేదు. "నాకు హాయిగా ఉంది. ఇంటికి పంపించెయ్యండి."

ఆ మాట అంటున్నంతసేపూ అక్క కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతూనే ఉన్నాయి. ఆమె గోళ్లు చెల్లెలి మణికట్టులోకి దిగాయి. రక్తం చిమ్మింది. నీళ్లలో మునుగుతున్న మనిషి పట్టు అది.

"ఇటు చూడండి సార్! ఈ చెయ్యి చూడండి! మా అక్క ఇదిగో, ఇక్కడుంది!"

డాక్టరు చూశాడు. చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఎంత చదువైనా భయం ముందు అంతే. "రోగి నోటితో వద్దన్నాక మేం ముట్టుకోకూడదమ్మా," అని గబగబా బయటికి నడిచాడు. ఆపరేటర్ అంతకుముందే గది దాటాడు.

తలుపు మూసుకుంది. గోళ్లు ఇంకా లోతుకి దిగాయి.

అక్క పెదవులు మెల్లగా నవ్వాయి.

"చెల్లీ," అంది ఆ గొంతు. "ఆవిణ్ణి నీ చెయ్యి వదలమని చెప్పు."