దానిమ్మ రంగు కోటు

టీచరమ్మ పొద్దున్నే ఇస్త్రీపెట్టె ముందు నిలబడిందంటే ఆ ఇంట్లో ఎవరికో ముఖ్యమైన రోజన్నమాట. రిటైరై మూడేళ్లయినా వీధి వీధంతా ఆమెను టీచరమ్మ అనే పిలుస్తుంది. ఆ రోజు పరీక్ష కూతురు చిట్టిది. టీవీలో వార్తలు చదివే ఉద్యోగం కోసం పదకొండింటికి కెమెరా ముందు చదివి చూపించాలి. లేత గోధుమ రంగు కోటును ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసి, కాలరు సర్ది, టీచరమ్మ మురిసిపోయింది. ఎంపిక తనదే మరి.

"చిట్టీ, తొమ్మిదవుతోంది. ఇంకా లేవలేదా?"

"లేచానమ్మా. నేను వెళ్లడం లేదు."

చిట్టి మంచం అంచున కూర్చుని ఉంది. ఆ పిల్ల గొంతు వింటే ఎవరైనా చేస్తున్న పని ఆపాల్సిందే, కంచు మోగినట్టు ఉంటుంది. పోయినసారి వేరే ఛానెల్ వాళ్లు ఆ గొంతును తెగ మెచ్చుకున్నారు. తీరా కెమెరా పెట్టేసరికి మొహం కనిపించడం లేదన్నారు. దీపాలు పెంచి చూసి పెదవి విరిచారు.

"నా మొహం తెర మీదకి పనికిరాదమ్మా. ఆ మాట మళ్లీ పడలేను."

టీచరమ్మ ఇస్త్రీ చేసిన కోటు తెచ్చి చూపించింది. "ఇదిగో, ఈ కోటు వేసుకో. లేత రంగు కదా, కాస్త తేటగా కనిపిస్తావు. వదులుగా కూడా ఉంది, ఆ వెడల్పాటి భుజాలు కప్పేస్తుంది."

సరిగ్గా అప్పుడే కోడలు లోపలికి వచ్చింది, చేతిలో మరో కోటుతో. కోడలు దర్జీ. వీధి చివర రెండు మిషన్లతో చిన్న కొట్టు నడుపుతుంది. మనిషి గుమ్మంలో అడుగుపెడితే చాలు, టేపు తీయకముందే కొలతలు చెప్పేస్తుంది. ఆ పనితనం చూసి టీచరమ్మ లోలోపల ముక్కున వేలేసుకునేది గానీ, పైకి ఒక్క మాట అంటే ఒట్టు.

"నాలుగు రోజులు కూర్చుని కుట్టాను అత్తయ్యా. చెబితే వద్దంటారని చెప్పలేదు."

దానిమ్మ గింజల రంగు కోటది. చూడగానే టీచరమ్మ మొహం చిట్లించింది. "ఇంత ముదురు రంగా? ఇది వేస్తే ఇంకా నల్లగా కనిపిస్తుంది. వాళ్లు ఇంకెన్ని దీపాలు పెట్టాలి?"

చిట్టి తల దించుకుంది. టీచరమ్మ నాలుక కరుచుకుంది గానీ, మాట జారనే జారింది.

"చిట్టి నలుపే అత్తయ్యా. అందులో దాచాల్సిందేముంది?" అంది కోడలు. "ఆ లేత రంగు వేస్తే కెమెరాకి కోటే కనిపిస్తుంది, మనిషి కనిపించదు."

"నువ్వా నాకు చెప్పేది? ఇన్నేళ్లుగా దాని బట్టలన్నీ నేనే ఎంచాను. కళ్లు మూసుకుని కొనలేదు. ప్రతి గుడ్డా చేతి మీద వేసుకుని, వెలుతురులో చూసి మరీ కొన్నాను." టీచరమ్మ గోధుమ రంగు కోటు చెయ్యిని తన ముంజేతి మీద పరిచి చూపించింది. ఆమెది పచ్చని ఛాయ. ఆ రంగు చక్కగా అమరింది. "చూడు, ఎంత బాగుందో."

"బాగుంది," అంది కోడలు మెల్లగా. "కానీ ఎవరి చేతి మీద, అత్తయ్యా?"

టీచరమ్మ తన చేతిని, కూతురి చేతిని మార్చి మార్చి చూసుకుంది.

"నన్నెప్పుడూ కొట్టుకి తీసుకెళ్లలేదు కదమ్మా," అంది చిట్టి. "నా పక్కన నిలబడటం నీకు నామోషీ అనుకున్నాను."

"నామోషీయా?" టీచరమ్మ మంచం మీద కూలబడింది. "నీకప్పుడు ఏడేళ్లు. గౌను కొందామని తీసుకెళ్తే, ఈ పాపకి ఏ రంగు వేసినా ఒకటే లెండి అని నవ్వాడు కొట్టువాడు. నువ్వు అద్దంలో చూసుకుంటూ ఉన్నావు, వినలేదు. అలాంటి మాట నీ చెవిన పడకూడదని, అప్పట్నుంచీ ఒక్కదాన్నే వెళ్లాను. నీ చెవిన పడకుండా చూశాను గానీ తల్లీ, వాడి మాట నేనే నమ్మేశాను."

చిట్టి దగ్గరికి జరిగింది. తల్లి భుజం మీద తల ఆన్చి చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత లేచి మొహం కడుక్కుని, వదిన ఇచ్చిన కోటు తొడుక్కుంది.

కోడలు ఆమెను కిటికీ దగ్గర నిలబెట్టి గుండీలు పెట్టింది. భుజాల కుట్టు సరిగ్గా భుజం అంచునే కూర్చుంది. నడుము దగ్గర కోటు కాస్త లోపలికి ఒదిగింది. ఇన్నాళ్లూ దాచిన ఆ వెడల్పాటి భుజాలే ఇప్పుడు మనిషికి నిండుదనం తెచ్చాయి. దానిమ్మ రంగు పక్కన చిట్టి మేని నలుపు నిగనిగలాడింది, కళ్లు మరింత పెద్దవిగా కనిపించాయి. టీచరమ్మ రెప్ప వేయడం మరిచిపోయింది.

"కన్నది నేనే గానీ, దీన్ని సరిగ్గా చూసింది నువ్వు," అంది కోడలి చెయ్యి పట్టుకుని.

"ఆ కన్నీళ్లేవో దూరంగా కార్చండి అత్తయ్యా, కోటు మరకపడుతుంది," అంది కోడలు. అంటూనే తానూ కళ్లు తుడుచుకుంది.

చిట్టి కాగితాలు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "అమ్మా, వాళ్లు తీసుకుంటారో లేదో నాకు తెలీదు. నువ్వు కూడా రా. నా పక్కన కూర్చో."

టీచరమ్మ చెప్పులు వేసుకుంది. ఎండ బాగా ఎక్కింది, వీధి నిండా జనం ఉన్నారు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఎదురైన ప్రతివాళ్లకీ "మా అమ్మాయి" అని చెప్పుకుంటూ నడిచింది.