ఇలాంటి తండ్రి ఉండడు

పొద్దున టీ చల్లారేలోపే వ్యాసం తిరిగొచ్చింది. అడుగున ఎర్ర సిరాతో, "తండ్రి పాత్ర అతిశయోక్తి. ఇలాంటి తండ్రి ఉండడు. మళ్లీ రాయాలి" అని ఉంది. కూతురికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నాన్న కాలేజీలో వ్యాసరచన చెప్పే మాస్టారు. ఆ జబ్బు ఇంటికీ తెచ్చుకున్నారు. చుట్టాలు పంపిన పెళ్లిపత్రికైనా ఆయన దిద్దకుండా బల్ల దిగదు. "నా వంటకొక్కదానికే మార్కులు వేయలేదు, బతికిపోయాను" అంటుంది అమ్మ.

ఆయన మాట కాదనలేక కూతురు అకౌంట్స్ కోర్సులో చేరింది. మనసంతా మట్టిశాస్త్రం మీద ఉంది. కోర్సు మారడానికి ఇవాళే ఆఖరి రోజు, అదీ తండ్రి వెళ్లి సరేనంటేనే. ఎదురుగా చెబుదామంటే నోరు పెగలదు. పోయిన వారం 'ఉన్నత విద్యలో సమస్యలు' అనే అంశం మీద వాదిస్తూ వ్యాసం రాయమన్నారు కాలేజీలో. ఇదే అదనని, కడుపులో ఉన్నదంతా అందులో పెట్టి నాన్న చేతికిచ్చింది.

మొదటిసారి, పిల్లల చదువును పెద్దలే ఎంచుతున్నారని రాసింది. "ఎవరా పెద్దలు? గాల్లో రాళ్లు వేయకు, ఉదాహరణ ఇవ్వు" అన్నారు. ఒక మాస్టారినీ ఆయన కూతురినీ తెచ్చి పెట్టింది. "ఆ మనిషి కళ్లకు కట్టాలి" అన్నారు. దాంతో ముక్కు మీదికి జారే కళ్లజోడుతో సహా నాన్నను నిలువునా దించేసింది. దానికి వచ్చిన తీర్పే ఈ ఎర్ర సిరా.

"మళ్లీనా నాన్నా?"

"మళ్లీనే. నమ్మేలా ఉండాలి కదమ్మా!" జారిన కళ్లజోడు పైకి తోసుకుని, వంటింటి వైపు గొంతు పెంచారు. "విన్నావా నీ కూతురి కల్పన? 'ఆ తండ్రి అన్నం దగ్గర కూడా పాఠమే చెబుతాడు. ఎవరైనా నోరు తెరిస్తే, ముందు నన్ను పూర్తి చేయనీ అంటాడు.' ఎక్కడైనా ఉంటాడా?"

"అది కాదండీ..." అంటూ అమ్మ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ముందు నన్ను పూర్తి చేయనీ!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఆగలేదు. కూతురికీ నవ్వొచ్చింది, దాని వెనకే ఉక్రోషం తన్నుకొచ్చింది.

"నాన్నా! ఆ తండ్రివి నువ్వే!"

మాస్టారు తెల్లబోయారు. "నేనా? నేనెప్పుడు..." అంటూ భార్య వైపు చూశారు.

"నన్ను సాక్ష్యానికి పిలవకండి. పిలిస్తే నిజమే చెబుతాను."

ఆయన మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు, ఈసారి పెన్ను లేకుండా. చివరికి వచ్చేసరికి మొహం వాడిపోయింది. ఆ చోట, "నాన్న కాదంటాడని ఆ అమ్మాయికి భయం లేదు. అసలు వినడనే భయం" అని ఉంది.

"ఈ వాక్యం కింద గీత గీశాను" అన్నారు నెమ్మదిగా. "పక్కన 'చక్కని వాక్యం' అని కూడా రాశాను."

కూతురికి ఆయన మీద జాలేసింది. ఇన్నాళ్లూ కోపమే అనుకుంది, ఇంత జాలి ఎక్కడ దాగుందో ఆ పిల్లకే తెలియలేదు.

ఆయన కాగితాలు పక్కన పెట్టారు. "నేను నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు కదూ? ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చదువుతావమ్మా?"

జవాబు ఆయన ముందే ఉంది, ఆయన చేత్తో దిద్దిందే. అయినా నోటితో చెప్పాల్సి వచ్చేసరికి కూతురి కళ్లు నిండిపోయాయి.

"మట్టి గురించి, నాన్నా."

"మట్టా? మట్టిలో ఏముందని..." ఉపన్యాసం మొదలై, అంతలోనే ఆగిపోయింది. మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"చెప్పు" అన్నారు. "నువ్వు పూర్తి చేశాకే కాలేజీకి బయల్దేరదాం."