మీసాలు లేని పులి

మా అత్తవారింటి హాల్లో అడుగుపెట్టగానే ముందు కనిపించేది సోఫా కాదు, పులి. మా ఆయన ముత్తాత సీతారామాంజనేయులుగారు తెల్లదొరల కాలంలో నల్లమలలో ఫారెస్టు ఆఫీసరు. దొరల పక్కన నిలబడి పులుల్ని కాల్చిన ఆ మనిషి ఉన్నట్టుండి తుపాకీ పక్కన పడేసి, మిగిలిన బతుకంతా అవే పులుల్ని కాపాడమని ఊరూరా తిరిగి చెప్పారట. ఆయన కొట్టిన ఆఖరి పులి ఇదే. లోపల గడ్డి కూరి, గాజుకళ్ళు పెట్టి తరతరాలుగా ఇంట్లో ఉంచుకున్నారు. నల్లగండ్లలో ఫ్లాట్ కొన్నప్పుడు ఫ్రిజ్ కంటే ముందు దీన్నే లిఫ్ట్ ఎక్కించారు. పెళ్ళైన కొత్తలో దాని వీపు మీద కాఫీ గ్లాసు పెట్టి అత్తయ్యగారి చేత చివాట్లు తిన్నాను కూడా.

హైటెక్ సిటీలో మా కంపెనీవాళ్ళు ఏటా ఏదో ఒక జంతువు మీద ప్రేమ కురిపిస్తారు. ఈ జూలైలో పులి వంతు వచ్చింది. ఎగ్జిబిషన్ పని నా నెత్తిన పడింది. నాకు ఐదో నెల కదా, తేలిక పని ఇద్దామని మా మేనేజర్ దయతలచాడు. రెండుసార్లు నిలవకుండా పోయాక వచ్చిన కడుపు ఇది. మూడోసారి పోతే నేను తట్టుకోలేను. నడుస్తున్నా, కూర్చున్నా నా చెయ్యి పొట్ట మీదే ఉండేది.

ఇంట్లో అసలు పులి ఉండగా ఫ్లెక్సీ బొమ్మలెందుకని అత్తయ్యగారిని బతిమాలాను. ముత్తాతగారి పేరు నలుగురికీ తెలుస్తుందంటే ఆవిడ మెత్తబడ్డారు.

"ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తీసుకురావాలమ్మా" అన్నారు.

పదో అంతస్తులో రిసెప్షన్ పక్కన చిన్న అరుగులాంటిది కట్టించి పులిని నిలబెట్టాం. ఇన్నేళ్ళూ ఇంట్లో గమనించనేలేదు గానీ, లైట్ల వెలుగులో చూస్తే దాని మూతి బోసిగా ఉంది. ఒక్క మీసం కూడా లేదు. మీసాలుండాల్సిన చోట చర్మం నల్లగా కమిలిపోయి ఉంది.

"ఏందక్కా గిది, తిరుపతి పోయొచ్చిన పిల్లి లెక్కుంది!" అంది మా టీమ్‌లో డిజైనర్ స్రవంతి.

నాకూ నవ్వొచ్చింది. ఫొటోల్లో బాగుండదు కదా అనిపించింది. స్రవంతి చేపలు పట్టే నైలాన్ తీగ తెప్పించి, ముక్కలు చేసి, జిగురుతో అటూ ఇటూ మీసాలు అతికించింది. ఒక్కసారిగా ఆ ముఖానికి ప్రాణం వచ్చింది. ఇక మధ్యాహ్నమంతా జనం సెల్ఫీలే సెల్ఫీలు. నేనూ ఒకటి దిగి ఫ్యామిలీ గ్రూపులో పడేశాను.

సాయంత్రానికి ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. ట్రాఫిక్ ఆగిపోతుందని అందరూ ముందే వెళ్ళిపోయారు. నన్ను తీసుకెళ్ళడానికి బయల్దేరిన మా ఆయన ఉదయ్ భాస్కర్ లింగంపల్లి అండర్‌బ్రిడ్జి దగ్గర నీళ్ళలో ఇరుక్కున్నాడు. ఇంతలో సెక్యూరిటీ రాములు టార్చితో వచ్చాడు.

"సెల్లార్‌ల నీళ్ళొచ్చినయ్ మేడం, కరెంటు బంద్ చేస్తున్రు. లిఫ్టు నడ్వది. మీరు మెట్లు దిగకుండ్రి. జర ఈడనే కూసోండి, సార్ వస్తే నేనే తోల్కొస్త."

అతను మెట్లు దిగుతుండగానే లైట్లు పోయాయి. ఏసీ హోరు ఆగింది. రోజూ వినపడని హోరు అది, ఆగిపోయాక దాని లోటు తెలిసింది. అద్దాల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

తర్వాత వాసన వచ్చింది. ముందు కలరా ఉండల వాసన, అది పులిదే. దాని వెనకే ఇంకోటి... బాస్మతి బియ్యం ఉడుకుతున్న వాసన. ప్యాంట్రీకి తాళం వేసి గంట దాటింది. కమ్మగా ఉందే అనుకుంటూ ఉండగానే గుర్తొచ్చింది. పులి తన హద్దు గుర్తుపెట్టిన చోట అచ్చం ఈ వాసనే వస్తుందని ఎగ్జిబిషన్ బోర్డు మీద రాయించింది నేనే.

ఫోన్ మోగింది. అత్తయ్యగారు.

"అమ్మాయ్, ఫొటోలో దానికి మీసాలెక్కడివి?"

"అతికించామండి. బోసిగా ఉందని..."



"అయ్యో రసజ్ఞా... అది చూలుతో ఉన్న ఆడపులి. చంపాక కోస్తే లోపల కూనలున్నాయట. అది చూసే ఆయన తుపాకీ వదిలేశారు. దాని మీసాలు కాల్చెయ్యమని అడవిలోవాళ్ళు చెబితే, ఆయనే తన చేత్తో కాల్చారట. మీసం లేకపోతే దానికి చీకట్లో దారి దొరకదమ్మా. మన ఇంటి బిడ్డల జోలికి రాలేకపోతుంది."

"ఇప్పుడేం చెయ్యనండీ?" అన్నాను.

"పీకెయ్. ఒక్కటి కూడా ఉంచకు. తొందరగా..."

ఫోన్ కట్టయింది.

ఫోన్‌లో టార్చి వేసుకుని అరుగు దగ్గరికి వెళ్ళాను. పులి అక్కడే ఉంది. కదల్లేదు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చేంత ఊరటగా అనిపించింది. ఎడమవైపు మీసాలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాను. జిగురు గట్టిది. పొట్టలో బిడ్డ అదేపనిగా తంతోంది.

ఎడమవైపు అయిపోయింది.

అప్పుడు ఊపిరి వినిపించింది. పులి నా ఎదురుగా ఉంది. ఊపిరి మాత్రం కింద... నా పొట్ట దగ్గర. వెచ్చగా.

టార్చి కిందికి తిప్పలేకపోయాను. కుర్తా మీద ఏదో బిరుసుగా రాసుకుంది. మెల్లగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి. వెతుకుతున్నట్టు. బొడ్డు దగ్గర ఆగింది.

బిడ్డ తన్నడం మానేసింది.

"వద్దు..." అన్నాను. "నా బిడ్డ నీకేం చేసింది?"

ఊపిరి ఆగింది. వింటోంది. ఫోన్ వదిలేసి, ఒక చెయ్యి పొట్టకి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో కుడివైపు మీసాలన్నీ గుప్పిట పట్టి లాగాను. చర్మం ముక్కతో సహా ఊడి వచ్చాయి. ఆ ఊపుకి వెనక్కి కూలబడ్డాను.

మెట్ల మీద టార్చి వెలుగు, ఉదయ్ గొంతు... "రసా! ఏమైంది?"

ఆ క్షణాన బిడ్డ మళ్ళీ కదిలింది. అతన్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

పులి ఇప్పుడు నల్లగండ్లలో తన చోట తను ఉంది. అత్తయ్యగారు కర్పూరం వెలిగించి దాని మూతి మళ్ళీ కాల్చారు. స్కాన్‌లో అంతా బాగుందన్నారు. ఒక్కటే తేడా. లైటు తీస్తే చాలు, బిడ్డ పొట్టలో ఒక మూలకి ముడుచుకుపోతుంది. చేతికి గట్టి ఉండలా తగులుతుంది. కదలదు. దాక్కున్నట్టు. అందుకే లైట్లు వేసుకునే పడుకుంటున్నాం. లెక్కలు అడిగే ఉదయ్ కూడా కరెంటు బిల్లు గురించి నోరెత్తడం లేదు.

నిన్న మధ్యాహ్నం డాక్టరు దగ్గరికని రాయదుర్గంలో మెట్రో ఎక్కాను. బయట ఎండ పేల్చేస్తోంది. లేడీస్ కోచ్ నిండా జనం, కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. బిడ్డ హాయిగా తంతోంది. దుర్గం చెరువు స్టేషన్‌లో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి.

బాస్మతి బియ్యం ఉడుకుతున్న వాసన వచ్చింది. అంత వెలుగులో, బిడ్డ ముడుచుకుపోయింది.

ఎదుటి సీట్లో చిన్నపాప నా వెనక్కి తొంగి చూసింది. చూసి, వాళ్ళమ్మ ఒళ్ళో ముఖం దాచుకుంది.

నేను వెనక్కి తిరగలేదు. నా స్టేషన్ ఇంకా చాలా దూరం ఉంది.