డెబ్బై ఒకటో నిమిషం

ఇది నోటితో చెప్పాల్సిన కథ. ఎదురుగా నాలుగు మొహాలు లేకపోతే మాట పెగలని మనిషిని నేను. భక్తి కథలు చెప్పుకుంటూ పెరిగినవాణ్ని. జనం కళ్లు చెమరిస్తే నాకు ఆకలి కూడా వేయదు. అలాంటివాణ్ని ఇవాళ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మా అన్నయ్యకి పెట్టెలంటే ప్రాణం. నగల పెట్టెలు కావండీ, సినిమా డిస్కుల పెట్టెలు. జపాన్ వాళ్ల యానిమే, అదే బొమ్మల సినిమాలు తెప్పించి, మన భాషలో మాటలు చెప్పించి, డిస్కులుగా తెస్తాడు. వేలు ఆనిస్తే ఫోనులో సినిమా ఆడే రోజుల్లో ఇవెవరు కొంటారని అడిగానొకసారి.

"ఒరేయ్, ఫోనులో చూసింది గాలికి పోతుంది. ఇది చేతిలోకి తీసుకుంటే బరువు తెలియాలి. మూత తీస్తే కొత్త కాగితం వాసన రావాలి. లోపల బొమ్మల పుస్తకం ఉండాలి. నాది అని దాచుకునేది ఒకటుండాలిరా మనిషికి," అన్నాడు.

దాచుకునేవాళ్లు ఏటేటా తగ్గిపోయారు. దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పనివాళ్లు వెళ్లిపోయారు. చివరికి ఒక పాత గోడౌన్‌లో మేమిద్దరం, మాటలు రికార్డు చేసే ముసలి ఇంజనీరు మిగిలాం. ఈగ రెక్క చప్పుడు కూడా పట్టేస్తాడని ఆయన్ని చెవుల మాస్టారు అంటాం.

ఇంకా కొంటున్న ఆ కాసిని మందికీ మా డిస్కుల్లో ఇష్టమైనది ఒకటుంది. సినిమా నడుస్తుంటే పక్కన మేమిద్దరం కూర్చుని కబుర్లు చెబుతాం. ఈ పడవవాడి గొంతు నాదే, ఆ రోజు నాకు జలుబు, ఇలాంటివి. రిమోటులో ఒక బటన్ నొక్కితే సినిమా మాటలు తగ్గి మా కబుర్లు వినిపిస్తాయి. ఒక నర్సమ్మ ఉత్తరం రాసింది: "డ్యూటీ నుంచి వచ్చి మీ కబుర్లు పెట్టుకుని వంట చేసుకుంటాను. ఇంట్లో మనుషులున్నట్టుంటుంది." ఆ ఉత్తరాన్ని అన్నయ్య గోడకి అంటించాడు.

చివరి సినిమా ఒక లైట్‌హౌస్ కాపలాదారుడి కథ. జపాన్ నుంచి సినిమా తప్ప ఇంకేమీ రాలేదు. పుస్తకంలో వేయడానికి బొమ్మలు లేవు, ముచ్చట్లు లేవు.

"ఇక మన కబుర్లే దిక్కురా. దంచేద్దాం," అన్నాడు అన్నయ్య.

మా రికార్డింగు గది ఒకప్పుడు పళ్లు నిల్వచేసే చల్లగది. తలుపు జానెడు మందం. గడియ బయటే ఉంటుంది, లోపల పిడి కూడా లేదు. పోయినసారి ఎవడో పార్శిల్ మనిషి మధ్యలో చొరబడి "సంతకం" అని అరిచాడు. అప్పట్నుంచి మాస్టారు బయట గడియ పెట్టడం మొదలెట్టారు.

మధ్యాహ్నం రెండు. బొమ్మ బాగా కనబడాలని లోపల దీపం ఆర్పేశారు.

"తొంభై ఎనిమిది నిమిషాలు. అయ్యాక నేనే వచ్చి తీస్తా. దగ్గొస్తే మింగండి," అని తలుపు మూసి టీకి వెళ్లిపోయారు.

ఎప్పటిలాగే కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. గోడలకి అతికించిన నల్లటి స్పాంజి మన ఊపిరిని కూడా తాగేస్తుంది. కిందెక్కడో ఎప్పటివో మాగిన పళ్ల వాసన. ఎదురుగా చిన్న తెర మీద సముద్రం. మూలన నిమిషాల అంకెలు. ఇద్దరం హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాం.

ఏడో నిమిషంలో జలుబు సంగతి చెబుదామని నోరు తెరిచాను.

నవ్వులు.

హెడ్‌ఫోన్లలో, హాలునిండా జనం నవ్వినట్టు. నేనింకా ఏమీ చెప్పలేదు. సినిమాలోది కాబోలనుకుని చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. అప్పటికే నవ్వేశారు మరి.

రెండోసారి నవ్వు వచ్చిన అరనిమిషానికి నా నోట తమాషా మాట పడింది. అన్నయ్య వైపు చూశాను. తను మొహం చాటంత చేసుకుని కబుర్లు చెబుతున్నాడు.

మూడోసారి నవ్వుల మధ్య ఒక గొంతు స్పష్టంగా వినిపించింది. "అయ్యో, తలకిందులా!" అంటూ పొట్టపట్టుకుని నవ్వుతోంది.

అది నాకు తెలిసిన సంగతే. ఒకసారి అన్నయ్య పెట్టెలన్నిటి మీదా సినిమా పేరు తలకిందులుగా అచ్చేయించాడు. అదేదో ప్రత్యేక సంచిక అనుకుని జనం వాటినే ముందు కొన్నారు. నేనెక్కడికెళ్లినా చెప్పే కథ. ఇవాళ చెప్పకూడదనుకున్నాను. చెప్పకపోతే ఆ నవ్వు అబద్ధమవుతుంది కదా! పెదవులు బిగించాను. ఒక నిమిషం... మూడు... ఎనిమిది...

"మా తమ్ముడు చెప్పట్లేదు కానీ, ఓసారి నేనేం చేశానో తెలుసా?" అని అన్నయ్య మొదలెట్టాడు. "పేరంతా తలకిందులు!"



నవ్వుకీ మాటకీ మధ్య ఎడం ముందు ఊపిరంత. తర్వాత అరనిమిషం. తర్వాత ఎనిమిది నిమిషాలు. నేను నోరు మూసుకున్నా ఆగలేదు.

డెబ్బై ఒకటో నిమిషం. తెర మీద లైట్‌హౌస్ దీపం ఆరింది. గది చీకటైంది. హెడ్‌ఫోన్లలో కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. చాలా కుర్చీలు. ఎవరో ముక్కు ఎగబీల్చారు. తర్వాత ఒక పిలుపు...

"అన్నయ్యా..."

నా గొంతు. నేనే.

ఆ వెంటే హాలంతా ఏడుపు.

హెడ్‌ఫోన్లు పీకేశాను. "విన్నావా?" అన్నాను గుసగుసగా.

"నవ్వులేగా? మాస్టారు సరదాకి కలిపుంటాడు."

"ఇప్పుడు... ఇప్పుడేం వినబడింది?"

"ఏమీ లేదే. నీ చెయ్యేంట్రా ఇంత చల్లగా ఉంది?"

లేచి తలుపు తోశాను. కదల్లేదు. రెండు చేతులతో బాదాను. స్పాంజి నా దెబ్బల్ని మింగేసింది. అరిచాను. అరుపు నా నోటి దగ్గరే ఆగిపోయినట్టుంది.

"రికార్డవుతోందిరా బాబూ, కూర్చో!" అన్నయ్య చొక్కా పట్టి లాగాడు. మళ్లీ మైకులోకి వంగి, "మా వాడికి ఈ సీనంటే భయమండీ," అని నవ్వాడు.

పక్కన చతికిలబడి తన మణికట్టు పట్టుకున్నాను. అమ్మానాన్నా పోయాక నాకు అన్నం కలిపిపెట్టిన చెయ్యి అది. నాడి కొట్టుకుంటోంది. దేవుడా, ఈ చెయ్యి నాకుంచు. ఒక్కో దెబ్బకీ ఒక్కో నామం. ఇరవై ఏడు నిమిషాలు... అలాగే.

గడియ తీసిన చప్పుడు. తలుపులోంచి సాయంత్రపు ఎండ. అన్నయ్య ఒళ్లు విరుచుకుంటూ బయటికి నడిచాడు. నేను గడప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

రికార్డంతా విన్నాం. నవ్వుల్లేవు, ఏడుపుల్లేవు. నా బాదుడు, అరుపులు కూడా లేవు. అన్నయ్య, నేను, సముద్రం. "ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు మీరు," అన్నారు మాస్టారు. డిస్కు బయటికి వెళ్లింది.

మొదటి ఉత్తరం నర్సమ్మదే. "చాలా బాగుంది. కానీ డెబ్బై ఒకటో నిమిషం నుంచి అన్నయ్యగారి గొంతు లేదు. మధ్యలో బయటికెళ్లారా?"

మా దగ్గరున్న డిస్కు పెట్టి చూశాను. చివరిదాకా అన్నయ్య ఉన్నాడు. ఆమెది పాడైన డిస్కు అనుకుని ఇంకొకటి పంపాం. నెల తర్వాత ఒక దర్జీ రాశాడు: యాభయ్యో నిమిషం నుంచి ఆయన మాట్లాడలేదేం? తర్వాత ఒక టీచరు: ఇరవయ్యో నిమిషం.

అన్నయ్యని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. "మీకంటే ఆయన గుండే నయం," అని డాక్టరు నన్నే కసిరాడు. డిస్కులన్నీ వెనక్కి తెప్పిద్దామన్నాను. "మతుండే అంటున్నావా? ఇన్నాళ్లకి జనం అడిగి మరీ కొంటుంటే!" అని అన్నయ్య నవ్వాడు. సంగతి చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. ఏమని చెప్పను?

ఇవాళ మధ్యాహ్నం నర్సమ్మ కార్డు వచ్చింది. అన్నయ్య నా వెనక బల్ల దగ్గర పెట్టెలకి టేపు అంటిస్తున్నాడు. చర్రుమని లాగడం, తుంచడం. చర్రు... తుంచడం. ఆ చప్పుడు వింటూనే చదివాను.

"కొత్త డిస్కు అందింది. మీరొక్కరే అయినా ఎంత బాగా చెప్పారో! ఒక్క సందేహం. మధ్యమధ్యలో ఆగి ఎవరి మాటో వింటున్నట్టుంటారు. ఎవరండీ?"

చర్రు...

తుంచిన చప్పుడు రాలేదు.

అప్పుడు కుర్చీలు జరిగాయి, నా వెనక. చాలా కుర్చీలు. ఈ గదిలో ఉన్నవి రెండే స్టూళ్లు. ఒకదాని మీద నేనున్నాను.

ఆ రోజు చీకట్లో విన్న వరసలో, ఆ తర్వాతి పిలుపు నాది. గొంతులో సిద్ధంగా ఉంది. అందుకే పళ్లు బిగించి, వెనక్కి తిరక్కుండా, చేతికందిన కాగితం మీద ఇది రాస్తున్నాను. నోరు తెరవను. నేను పిలవనంతసేపూ అది జరగలేదనే అర్థం. కదండీ?

టేపు ఇంకా తెగలేదు.

ఎవరో, నా చెవి పక్కనే, ముక్కు ఎగబీల్చారు.